బూస్టు ఎక్కినా ఫ్యూయల్ ప్రెషర్ 3 బార్ దగ్గరే: ఇంధన సరఫరాను ఎక్కడ కొలవాలి?

ప్రశ్న: తెరచాప_లేనివాడు

సభ్యులందరికీ నమస్కారం. నా పడవలో ఉన్నది 8.2 లీటర్ల వీ8 పెట్రోలు ఇంజన్. దానికి సూపర్‌చార్జర్ (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి తోసే పరికరం, ఆ అదనపు పీడనమే బూస్టు) బిగించి ఉంది, డ్రైవ్ స్టెర్న్‌డ్రైవ్ (ఇంజన్ పడవ లోపల, ప్రొపెల్లరు భాగం వెనుక బయట ఉండే రకం). పూర్తి త్రోటిల్‌లో 5,200 ఆర్‌పీఎం వద్ద సుమారు 600 హార్స్‌పవర్ ఇస్తుందని ఇంజన్ శక్తిని కొలిచి ఇచ్చిన డైనో షీటులో ఉంది. ఇంధన వ్యవస్థ రిటర్న్ లైను ఉన్న రకం. ట్యాంకు మూతి దగ్గర యాంటీ సైఫన్ వాల్వు (గొట్టం తెగినా ట్యాంకు దానంతట అదే ఖాళీ కాకుండా ఆపేది), తరువాత నీటిని వేరు చేసే 10 మైక్రాన్ల ఫిల్టరు, విద్యుత్ పంపు, రెండు వైపులా ఫ్యూయల్ రెయిల్స్ (పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని పంచే గొట్టాలు), చివర పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటరు వరుసగా ఉన్నాయి. మిగులు పెట్రోలు రెగ్యులేటరు నుంచి తిరిగి ట్యాంకులోకే పోతుంది.

పూర్తి త్రోటిల్‌తో కొంతసేపు నడిపిన తరువాత ఇంజన్ లాగుడు తగ్గుతోంది. వెంటనే ఆపి ప్లగ్గులు విప్పి చూస్తే, ఎడమ వైపు వెనుక సిలిండర్లవి తెల్లబారి ఉన్నాయి. మిగిలినవి కూడా ఉండవలసినంత ముదురు రంగులో లేవు. మిశ్రమం పలచబడుతోందన్న అనుమానం అక్కడే మొదలైంది. అయితే డ్యాష్‌బోర్డు మీది ఫ్యూయల్ ప్రెషర్ గేజి పూర్తి బూస్టులో, అంటే 0.5 బార్ దగ్గర కూడా, 3 బార్ నుంచి కదలడం లేదు. ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు) నుంచి స్క్రీను మీదకు వచ్చే వినియోగం అంకె కూడా గంటకు 220 లీటర్ల దగ్గరే ఉంది. 600 హార్స్‌పవర్‌కు, ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల చొప్పున లెక్క వేసినా అంతే వస్తుంది.

ఈ రెండు అంకెలూ సక్రమంగా ఉన్నప్పుడు పెట్రోలు తక్కువగా అందుతోందని ఎలా అనుకోవాలి? సరఫరా లైనులో ఒకటి, రిటర్న్ లైనులో ఒకటి చొప్పున ఫ్లో మీటర్లు బిగించి తేడా చూద్దామనుకుంటున్నాను. అంతకన్నా మేలైన మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: పాత_స్పానర్

మీటర్లు కొనడం కాస్త ఆపండి. మీరు సక్రమంగా ఉన్నాయంటున్న రెండు అంకెల్లో ఒకటి తప్పును చూపిస్తోంది, రెండోది ఈ విషయంలో దేనికీ సాక్ష్యం కాదు.

మొదట గేజి సంగతి. ఇంజెక్టరుకు ఒకవైపు రెయిల్‌లోని పెట్రోలు పీడనం, మరోవైపు సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డులోని గాలి పీడనం ఉంటాయి. ఇంజెక్టరు నుంచి ఎంత పెట్రోలు బయటకు వస్తుందన్నది ఈ రెండింటి మధ్య తేడా మీద ఆధారపడుతుంది కాని, రెయిల్‌లోని పీడనం ఒక్కదాని మీద కాదు. ఆ తేడాను 3 బార్ వద్ద నిలపడానికే రెగ్యులేటరుకు మానిఫోల్డు నుంచి ఒక చిన్న గొట్టం వేస్తారు. బూస్టు 0.5 బార్ ఉంటే గేజి 3.5 చూపాలి. మీది 3 దగ్గరే నిలబడి ఉందంటే ఇంజెక్టరుకు నిజంగా దక్కుతున్నది 2.5 బారే. ప్రవాహం పీడన వ్యత్యాసపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 2.5ను 3తో భాగించి వర్గమూలం తీస్తే 0.913 వస్తుంది. అంటే పెట్రోలు దాదాపు 9 శాతం తగ్గింది. 11.8 దగ్గర ఉండవలసిన గాలి, పెట్రోలు నిష్పత్తి 12.9కి చేరుతుంది. సూపర్‌చార్జర్ లేని ఇంజన్‌కు అది మంచి శక్తినిచ్చే మిశ్రమమే. బూస్టు కింద, అదీ పడవలో, డిటొనేషన్‌కు, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలడానికి, తలుపు తెరిచినట్టే. రోడ్డు మీద బండికి పల్లం వస్తుంది, యాక్సిలరేటర్ వదిలే సందర్భాలు వస్తాయి, పిస్టన్లు చల్లబడతాయి. నీటి మీద పరుగెత్తే పడవ ఇంజన్‌కు ఆ వెసులుబాటు లేదు, త్రోటిల్ తెరిచినంతసేపూ పూర్తి బరువు మోస్తూనే ఉంటుంది.

ఇక ఈసీయూ అంకె. చాలా ఇంజన్లలో దాన్ని ఎవరూ కొలవరు. ఇంజెక్టర్లను ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచమని ఆజ్ఞ ఇచ్చిందో, ఇంజెక్టరు సామర్థ్యం ఎంతని ప్రోగ్రాములో రాసి ఉందో ఆ రెండింటినీ గుణించి ఈసీయూ ఆ అంకెను తయారు చేస్తుంది. పీడనం పడిపోయినా, ఇంజెక్టరులో చెత్త అడ్డుపడినా ఆ అంకె మారదు. ఉత్తరం పోస్టు చేసిన రసీదు చూపించి, అవతలివాళ్లకు అందిందని వాదించినట్టు ఉంటుంది. రెయిల్‌లో ప్రెషర్ సెన్సరు ఉండి, దాని ప్రకారం లెక్కను సరిదిద్దుకునే ఈసీయూలు ఉన్నాయి. మీ దానిలో అది ఉంటే ప్లగ్గులు ఇలా ఉండేవి కావు.

ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి గేజి చూడండి. మానిఫోల్డులో వాక్యూమ్ ఉంటుంది కనుక 2.4 లేదా 2.5 బార్ చూపాలి. రెగ్యులేటరు చిన్న గొట్టం ఊడదీసి, దాని కొసను వేలితో మూస్తే ముల్లు 3కు ఎక్కాలి. ఐడిల్‌లోనే 3 చూపుతూ, గొట్టం తీసినా మార్పు లేకపోతే ఆ గొట్టం చిట్లి ఉండవచ్చు, లేదా త్రోటిల్‌కు ముందు, వాక్యూమ్ రాని చోట ఎక్కడో కలిపి ఉండవచ్చు. గొట్టం సూపర్‌చార్జర్ దాటిన తరువాతి మానిఫోల్డుకే కలపాలి. గొట్టం అలాగే కలిపి ఉండి, ఐడిల్‌లో అంతా సరిగా ఉండి, బూస్టులో మాత్రమే పీడనం పెరగకపోతే పంపు వైపు వెతకాలి.

జవాబు: గ్రాఫుల_పిచ్చి

పాత_స్పానర్ గారి మాటకు అంకెలు జోడిస్తాను. ఫ్లో మీటర్ల మీద నాకు పగ లేదు, కాని రిటర్న్ ఉన్న వ్యవస్థలో రెండు మీటర్ల తీసివేత ఎంత మోసం చేస్తుందో చూడండి. పంపు గంటకు 300 లీటర్లు పంపుతోందనీ, ఒక్కో మీటరులో 2 శాతం తప్పు ఉండవచ్చనీ అనుకుందాం. పూర్తి త్రోటిల్‌లో 220 లీటర్లు ఖర్చయి 80 తిరిగి వస్తే, రెండు తప్పులూ ఎదురెదురు దిశల్లో పడినప్పుడు 7.6 లీటర్ల తేడా వస్తుంది. అంటే మూడున్నర శాతం, పరవాలేదు. నింపాదిగా నడుపుతూ 60 లీటర్లు ఖర్చు చేసే వేగంలో 240 తిరిగి వస్తాయి కాబట్టి తప్పు 10.8 లీటర్లకు, అంటే 18 శాతానికి చేరుతుంది. ఐడిల్‌లో 10 లీటర్ల ఖర్చుకు తప్పే దాదాపు 12 లీటర్లు. ఇంజన్ పెట్రోలును తయారు చేస్తోందని స్క్రీను చూపించినా ఆశ్చర్యపడనక్కరలేదు. పైగా రెయిల్ వేడికి రిటర్న్ లైనులో ఆవిరి బుడగలు వస్తాయి. టర్బైన్ రకం మీటరు బుడగకూ తిరుగుతుంది, దాన్నీ పెట్రోలుగానే లెక్క కడుతుంది. మీటరును పంపుకు ముందు పెడితే పీల్పు వైపు అదనపు అడ్డంకి ఏర్పడుతుంది. రిటర్న్ లోపలే ముగిసే అవుట్‌బోర్డ్ ఇంజన్‌కైతే ఒక మీటరు చాలు, అక్కడ అది నిజంగా పనికొస్తుంది.

మీకు కావలసినది రెండు సెన్సర్లూ, వాటి రీడింగులను రికార్డు చేసే ఒక లాగరూ. ఒకటి రెయిల్ పీడనానికి, ఇంకొకటి మానిఫోల్డు పీడనానికి. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. సాధారణంగా ఫ్యూయల్ సెన్సరు బయటి వాతావరణాన్ని సున్నాగా తీసుకుంటుంది, మానిఫోల్డు సెన్సరు శూన్యాన్ని సున్నాగా తీసుకుంటుంది. ఒకదాని నుంచి మరొకటి నేరుగా తీసివేస్తే ఒక బార్ తప్పుతుంది. రెయిల్ 3.5, వాతావరణం 1.0, మానిఫోల్డు 1.5 అయినప్పుడు 3.5కు 1.0 కలిపి 1.5 తీసివేయాలి. అప్పుడు అసలైన 3 బార్ వస్తుంది. ఈ తీసివేతను లాగరులోనే ప్రత్యేక చానెల్‌గా పెట్టుకుని ఆ ఒక్క గీతనే చూడండి. సరఫరా బాగుంటే ఐడిల్ నుంచి పూర్తి బూస్టు దాకా అది తిన్నగా అడ్డంగా సాగిపోవాలి. ఎక్కడ కిందికి వంగిందో అక్కడే మీ సమస్య మొదలైనట్టు.

రికార్డింగు వేగం సెకనుకు కనీసం 50 సార్లు ఉండాలి. అల మీది నుంచి పడవ ఎగిరి పడినప్పుడు ట్యాంకులోని పెట్రోలు పీల్పు గొట్టాన్ని వదిలి పక్కకు పోతుంది. ఆ పీడనపు పడిపోవడం సెకనులో కొద్ది భాగమే ఉంటుంది కనుక డ్యాష్‌బోర్డు ముల్లు దాన్ని ఎన్నడూ చూపదు. అలాగే వీ8లో 5,000 ఆర్‌పీఎం వద్ద ఇంజెక్టర్లన్నీ కలిసి సెకనుకు 333 సార్లు తెరుచుకుంటాయి. ఆ అదురు గీతను పాడు చేయకుండా సెన్సరు సంకేతానికి ఫిల్టరింగు పెట్టడం అవసరం. ఇంజెక్టరు డ్యూటీ (ఒక చక్రంలో ఎంత శాతం సేపు అది తెరిచి ఉంటుందన్నది) చానెల్‌ను కూడా కలపండి. 5,000 వద్ద ఒక పూర్తి చక్రానికి 24 మిల్లీసెకన్ల సమయమే ఉంటుంది. అందులో 85 శాతం దాటి, అంటే సుమారు 20 మిల్లీసెకన్లకు మించి ఇంజెక్టరు తెరిచి ఉంటే, పీడనం ఎంత బాగున్నా ఆ ఇంజెక్టరు చిన్నదైపోయినట్టే.

జవాబు: బిల్జ్_గార్డు

కొలతల ఉత్సాహంలో ఒక విషయం మరవకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. అది పడవ అడుగున బిల్జ్‌లో చేరి అక్కడే ఉండిపోతుంది. రెయిల్ నుంచి గొట్టం లాగి డ్యాష్‌బోర్డు మీది యాంత్రిక గేజికి పెట్రోలు చేర్చే పద్ధతి పడవలో వద్దు. తెరచాప_లేనివాడు గారి గేజి ఏ రకమో చెప్పలేదు. అది అలాంటిదైతే ముందు దాన్ని తీసేయడం మంచిది. ఇంజన్ గదిలో విద్యుత్ సెన్సరు, డ్యాష్‌బోర్డు దాకా వైరు మాత్రమే ఉండాలి. సెన్సరును నేరుగా రెయిల్ మీద బిగిస్తే అదురుకు దాని మెడ పగులుతుంది. ఐఎస్ఓ 7840 గుర్తు ఉన్న, అగ్నిని తట్టుకునే పొట్టి గొట్టంతో కలిపి, పక్కన బ్రాకెట్ మీద బిగించండి. ఆ గదిలో పెట్టే ప్రతి విద్యుత్ పరికరానికీ నిప్పురవ్వ బయటకు రాని రక్షణ, అంటే ఐఎస్ఓ 8846 ప్రకారం, ఉండాలి. కార్ల కోసం చేసిన రిలేలు, పంపులు ఇక్కడ పనికిరావు.

ఏ జాయింటు విప్పి బిగించినా, ఇంజన్ స్టార్టు చేయకుండా పంపును మాత్రమే నడిపి, ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. తరువాత ఇంజన్ గది ఆవిరిని బయటకు తోసే బ్లోయరు కనీసం నాలుగు నిమిషాలు నడిపి, మూత తెరిచి వాసన చూసి, అప్పుడే తాళం తిప్పండి.

తెరచాప_లేనివాడు:

అందరికీ ధన్యవాదాలు. గేజి విద్యుత్ రకమే. ఐడిల్‌లో 2.45 బార్ చూపింది, గొట్టం తీసి మూస్తే 3కు ఎక్కింది. కనుక రెగ్యులేటరు, దాని గొట్టం బాగానే ఉన్నాయి. లాగరు పెట్టి నడిపాను. గ్రాఫుల_పిచ్చి గారు చెప్పిన తీసివేత గీత 4,000 ఆర్‌పీఎం వరకు 3.0 మీద కదలకుండా ఉండి, ఆపైన నెమ్మదిగా వంగుతూ పూర్తి బూస్టులో 2.5కు దిగింది. పడవను వేగంగా ఉంచినకొద్దీ ఇంకా జారుతోంది. పూర్తి బరువులో పంపు టెర్మినల్స్ వద్దనే వోల్టేజీ చూశాను, 13.3 ఉంది, కాబట్టి వైరింగు తప్పు కాదనుకుంటున్నాను. పంపు మార్చేయమంటారా?

పాత_స్పానర్:

పంపును మార్చే ముందు అది పీల్చుకునే దారి చూడండి. పంపులు తోయడంలో బలవంతులు, పీల్చడంలో బలహీనులు. లోపలికి వచ్చే దారి ఇరుకైతే అక్కడ పీడనం పడిపోతుంది, పెట్రోలు ద్రవంగా ఉండవలసిన చోటే మరగడం మొదలుపెడుతుంది, పంపు బుడగలను మింగుతుంది. వేసవి రకం పెట్రోలు ఆవిరి పీడనం 37.8 డిగ్రీల దగ్గరే అర బార్ లేదా అంతకు కొంచెం ఎక్కువ ఉంటుంది, ఉష్ణోగ్రతతో పాటు అది వేగంగా పెరుగుతుంది. రెయిల్స్ చుట్టి వేడెక్కిన పెట్రోలు రిటర్న్ ద్వారా తిరిగి ట్యాంకుకు చేరి అక్కడి పెట్రోలును కూడా వేడి చేస్తుంది. నడిపినకొద్దీ ఇంకా జారుతోందన్నారు చూశారా, దానికి కారణం ఇదే కావచ్చు.

పంపు ప్రవేశం దగ్గర ఒక వాక్యూమ్ గేజి పెట్టి పూర్తి త్రోటిల్‌లో చదవండి. చాలా మెరైన్ ఇంజన్ల మాన్యువల్స్ అనుమతించేది 2 నుంచి 2.5 అంగుళాల పాదరసం, అంటే సుమారు 0.07 నుంచి 0.085 బార్. ఎక్కువ ఉంటే గేజిని ఫిల్టరుకు ముందుకు మార్చి మళ్లీ చదవండి. రెండు రీడింగుల తేడా ఫిల్టరు వాటా, మిగిలినది ట్యాంకు వైపు వాటా. ఫిల్టరులో పేరుకున్న నీటిని కూడా ఒక పారదర్శకమైన సీసాలోకి తీసి చూడండి. కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచితే నీరు అడుగున వేరుగా గీత గీసినట్టు కనిపిస్తుంది.

తెరచాప_లేనివాడు:

పంపు దగ్గర 0.18 బార్, ఫిల్టరుకు ముందు 0.15 బార్ వచ్చింది. సీసాలో నీరు లేదు. అంటే అడ్డంకి ప్రధానంగా ట్యాంకు వైపే ఉంది. యాంటీ సైఫన్ వాల్వు విప్పి చూస్తే అది చిన్న కార్బురేటర్ ఇంజన్లకు వాడే ఇరుకు రంధ్రం వాల్వు. సూపర్‌చార్జర్ పెట్టిన వర్క్‌షాపు పంపును మార్చి, దీన్ని పాతదే వదిలేసింది. దీన్ని పూర్తిగా తీసేసి మామూలు నిపుల్ పెట్టవచ్చునా?

బిల్జ్_గార్డు:

వద్దు. ట్యాంకులో పెట్రోలు మట్టం కన్నా కిందుగా సాగే గొట్టం ఎక్కడైనా తెగితే, ఇంజన్ ఆగిపోయినా ట్యాంకు మొత్తం సైఫన్ పద్ధతిలో బిల్జ్‌లోకి ఖాళీ కాకుండా ఆపేది ఆ చిన్న బంతి, స్ప్రింగు మాత్రమే. మీ ప్రవాహానికి తగిన పెద్ద రంధ్రం వాల్వు వేయండి, పీల్పు గొట్టం లోపలి కొలత కూడా దానికి తగినట్టు ఉండేలా చూడండి. వాల్వు స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలన్నది ట్యాంకు మట్టానికీ గొట్టంలోని అతి తక్కువ ఎత్తు బిందువుకూ ఉన్న తేడాను బట్టి ఎంచుకోవాలి కనుక చేతికి దొరికినది కొనకండి.

తెరచాప_లేనివాడు:

తగిన వాల్వు, పెద్ద గొట్టం వేశాను. పంపు దగ్గర వాక్యూమ్ 0.06కు దిగింది. పూర్తి బూస్టులో రెయిల్ 3.45 చూపుతోంది, తీసివేత గీత 2.95 దగ్గర నిలబడింది, ఎంతసేపు నడిపినా జారడం లేదు. ప్లగ్గులు కొత్తవి వేసి నడిపి చూస్తే అన్నీ ఒకే రంగుకు వచ్చాయి, ఎడమ వైపు చివరిది తప్ప. అది ఇప్పటికీ కొంచెం తెల్లగానే ఉంది. ఇలాంటివి ముందే తెలియడానికి వైడ్‌బ్యాండ్ ల్యామ్డా సెన్సరు (ఎగ్జాస్టులోని ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమాన్ని చెప్పేది) పెట్టించాలా?

గ్రాఫుల_పిచ్చి:

ఆ ఒక్క సిలిండరు కోసమైతే ల్యామ్డా సెన్సరు మీకు సాయపడదు. ఒక వైపున్న నాలుగు సిలిండర్ల వాయువులూ కలిసిన చోట అది కొలుస్తుంది. ఒకటి పలచబడి మిగతా మూడు చిక్కగా ఉంటే సగటు బాగానే కనిపిస్తుంది. పైగా ఒక సిలిండరు మిస్‌ఫైర్ అయితే మండని ఆక్సిజన్ బయటకు వచ్చి, మిశ్రమం పలచగా ఉందని తప్పుగా చెబుతుంది. అయినా మొత్తం మీద ఒక కాపలాగా దాన్ని నేను పెట్టిస్తాను. పూర్తి బరువులో ల్యామ్డా (1 కన్నా తక్కువైతే మిశ్రమం చిక్కన, ఎక్కువైతే పలచన) 0.78 నుంచి 0.82 మధ్య ఉందో లేదో అది తప్ప మరేదీ సూటిగా చెప్పదు.

పాత_స్పానర్:

నేను పెట్టించను. పడవ ఎగ్జాస్టులో చల్లని నీరు కలుస్తుంది. ఓవర్‌లాప్ (గాలి, పొగ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువగా ఉన్న క్యామ్‌షాఫ్టులతో ఐడిల్‌లో వాయువు వెనక్కు లాగినప్పుడు ఆ తేమ కూడా వెనక్కు వస్తుంది. ఎర్రగా కాలిన సెన్సరు పింగాణీ మీద ఒక్క నీటి చుక్క పడితే అది పగులుతుంది. పగిలిన సెన్సరు చెప్పే అబద్ధాన్ని నమ్మి ట్యూనింగు మార్చినవాళ్లను చూశాను. తప్పదనుకుంటే నీరు కలిసే చోటుకు బాగా ముందు, పొడిగా ఉండే భాగంలో, గొట్టం పైభాగాన, సెన్సరు మొన కిందికి వాలి ఉండేలా పెట్టించండి. ట్యూనింగు అయ్యాక తీసి ప్లగ్గుతో మూసేయడం ఇంకా మంచిది.

ఆ చివరి సిలిండరు సంగతికి వస్తే, మొదట ఆ ఇంజెక్టరును పక్క సిలిండరుదానితో మార్చి పెట్టండి. తెలుపు ఇంజెక్టరుతో పాటు పక్కకు జరిగితే దాన్ని ప్రవాహ పరీక్షకు, శుభ్రపరచడానికి ఇవ్వండి. జరగకుండా అక్కడే ఉంటే ఆ సిలిండరుకు గాలి ఎక్కువగా వెళుతోందన్నమాట. కొన్ని మానిఫోల్డులలో చివరి సిలిండర్లకు అలా జరుగుతుంది, అప్పుడు ఈసీయూలో ఆ ఒక్క సిలిండరుకు పెట్రోలు కొంచెం పెంచాలి. శాశ్వతంగా గమనించాలంటే ప్రతి సిలిండరుకు ఎగ్జాస్టు వేడిని కొలిచే ఒక థర్మోకపుల్ పెట్టించండి. అన్నీ ఎగ్జాస్టు పోర్టు నుంచి ఒకే దూరంలో ఉండాలి. వాటి అసలు ఉష్ణోగ్రత కన్నా ఒకదానికొకటి తేడా ఎంతన్నదే ముఖ్యం. ఇగ్నిషన్ ఆలస్యమైనా ఉష్ణోగ్రత పెరుగుతుంది కనుక, ఒక్క అంకె చూసి మిశ్రమం పలచబడిందని తీర్మానించకండి.

గ్రాఫుల_పిచ్చి:

థర్మోకపుల్ విషయంలో ఒప్పుకుంటాను, ల్యామ్డా విషయంలో మన వాదన మరో చోట కొనసాగిద్దాం.

అలారం సంగతి చెప్పి ముగిస్తాను. లాగరులో ఇప్పటికే తీసివేత చానెల్ ఉంది కాబట్టి, మానిఫోల్డు 1.2 బార్ దాటి ఉన్నప్పుడు అది 2.7 కన్నా తక్కువగా 0.3 సెకను నిలిస్తే హెచ్చరిక దీపం, హారన్ మోగేలా పెట్టండి. 2.7 దగ్గర పెట్రోలు దాదాపు 5 శాతం తగ్గి ఉంటుంది, ఇంజన్‌కు ఇంకా హాని జరగదు. మానిఫోల్డు షరతు ఎందుకంటే, ప్రొపెల్లరు గాలిలోకి లేచినప్పుడు త్రోటిల్ తగ్గించిన క్షణాల్లో అది అనవసరంగా మోగకూడదు. ఇంజన్‌ను ఒక్కసారిగా ఆపే షరతు మాత్రం పెట్టవద్దు. పూర్తి వేగంలో ఉన్న పడవ హఠాత్తుగా శక్తి కోల్పోతే ముక్కు దిగిపోతుంది, కూర్చున్నవాళ్లు ముందుకు విసిరివేయబడతారు. హెచ్చరిక మోగిన తరువాత కూడా పీడనం కోలుకోకపోతే, రెండు మూడు సెకన్ల వ్యవధిలో ఆర్‌పీఎం పరిమితిని మెట్లు మెట్లుగా 3,500కు దించేలా ఈసీయూలో రాయించండి. మీ గీత 4,000 దాకా ఎప్పుడూ వంగలేదు కనుక ఆ పరిమితి కింద మీరు ఒడ్డు చేరవచ్చు.

తెరచాప_లేనివాడు:

ఇంజెక్టర్లు మార్చి చూశాను, తెలుపు పక్క సిలిండరుకు జరిగింది. ఎనిమిదింటినీ కలిపి పరీక్షకు పంపుతున్నాను. అలారం షరతులు మీరు చెప్పినట్టే రాయించాను.

పాత_స్పానర్:

ఎనిమిదింటినీ పంపడమే సరి. తిరిగి వచ్చాక ఒక్కోదాని ప్రవాహం అంకె అడిగి రాసుకోండి, వాటి మధ్య తేడా 2 శాతానికి లోపు ఉండాలి. బిగించేటప్పుడు ఓ-రింగులు అన్నీ కొత్తవి వేయండి.